తెరుచుకున్న నాళం, దెబ్బతిన్న కండరం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గుండెపోటులో కండరం ఎలా చనిపోతుంది, దానిని కాపాడడానికి జరుగుతున్న పరిశోధన ఎంతవరకు వచ్చింది అనే విషయం మీద తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాము. సమాధానాలు రాసినవారు తిరుపతిలో గుండె జబ్బుల వైద్యులుగా పనిచేస్తూ, గుండె కండర రక్షణ మీద పరిశోధన చేసినవారు. ఉత్తరాలను కొంత కుదించాము. రాసినవారి పేర్లు ఇవ్వలేదు.

ప్రశ్న: మా నాయనకు గుండెపోటు వచ్చినప్పుడు యాంజియోప్లాస్టీ చేసి, మూసుకుపోయిన రక్తనాళాన్ని పూర్తిగా తెరిచామని డాక్టర్లు చెప్పారు. అయినా వారం తరువాత ఎకో తీస్తే గుండె పంపింగ్ 35 శాతమే ఉందన్నారు. నాళం తెరుచుకున్నాక కండరం ఎందుకు కోలుకోలేదు? రక్తం తిరిగి పారడం వల్ల కూడా గుండెకు దెబ్బ తగులుతుందని చదివాను. అది నిజమేనా?
— డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: నిజమే. అయితే ఆ మాటను సరిగ్గా అర్థం చేసుకోకపోతే ప్రమాదం కూడా ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

గుండె కండరానికి రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు, ఆ నాళం పోషించే కండరం అంతా ఒక్కసారిగా చనిపోదు. చావు గుండె గది లోపలి అంచున మొదలై, గోడ మందం గుండా బయటి వైపుకు క్రమంగా పాకుతుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రైమర్, జెన్నింగ్స్, వారి సహచరులు 1977లో కుక్కల గుండెల మీద దీనిని కొలిచి చూపారు. నాళాన్ని 40 నిమిషాలు మూసి తెరిచినప్పుడు ప్రమాదంలో పడిన గోడ మందంలో సుమారు 38 శాతం చనిపోయింది. 3 గంటల తరువాత తెరిస్తే 57 శాతం, 6 గంటల తరువాత తెరిస్తే 71 శాతం, అసలు తెరవకుండా వదిలేస్తే 85 శాతం వరకు పోయింది. మనిషిలో ఈ వేగం అందరికీ ఒకేలా ఉండదు. పక్క నాళాల నుంచి కొంత రక్తం అందుతున్నవారిలో నెమ్మదిగా, అలా అందనివారిలో వేగంగా సాగుతుంది. మీ నాయనగారికి నాళం తెరిచేసరికే కొంత కండరం పోయి ఉంటుంది. పోయిన కండరం మళ్లీ మొలవదు, దాని స్థానంలో మచ్చ కడుతుంది.

ఇక రక్తం తిరిగి పారినప్పుడు జరిగేది. ప్రాణవాయువు అందని కణంలో శక్తి నిల్వ తరిగిపోతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఆ ఆమ్లాన్ని బయటికి నెట్టే ప్రయత్నంలో సోడియం లోపలికి చేరుతుంది, సోడియం వెనుకే కాల్షియం చేరుతుంది. ఆ స్థితిలో ఉన్న కణానికి రక్తం ఒక్కసారిగా అందితే, ప్రాణవాయువుతో పాటు హానికరమైన ఆక్సిజన్ రాడికల్స్ పుట్టుకొస్తాయి, ఆమ్లత్వం క్షణాల్లో తొలగిపోతుంది, కాల్షియం మరింత పోగవుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక రంధ్రం ఉంటుంది. ఆమ్లత్వం ఉన్నంతసేపు అది మూసుకునే ఉంటుంది. ఆమ్లత్వం పోగానే, కాల్షియం, రాడికల్స్ ఒత్తిడికి తెరుచుకుంటుంది. అది తెరుచుకుని అలాగే ఉండిపోతే మైటోకాండ్రియా ఉబ్బి పగులుతాయి, కణం అక్కడితో పోతుంది. బీటలు వారిన మడిలోకి తూము పూర్తిగా ఎత్తి నీరు వదిలితే, నీరు కావలసిన మడికే గట్టు తెగిపోయే ప్రమాదం ఉన్నట్టు, ఇక్కడ కూడా బతికించే రక్తమే తొలి నిమిషాల్లో కొంత నష్టం చేస్తుంది. దీనికి తోడు, పెద్ద నాళం తెరుచుకున్నా కండరం లోపలి సన్నని నాళాలు వాచి, కణాలతో, గడ్డ ముక్కలతో పూడిపోయి రక్తం ముందుకు పోకపోవచ్చు. యాంజియో తెర మీద నాళం చక్కగా కనబడుతున్నా కండరానికి రక్తం చేరని సందర్భాలు అందుకే ఉన్నాయి.

ఈ మాట విని నాళం తెరవకపోతేనే మేలని ఎవరూ అనుకోకూడదు. తెరవకపోతే పోయే కండరం, తెరిచినందువల్ల పోయే కండరం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పరిశోధకుల ప్రయత్నమంతా నాళాన్ని తెరవడంతో పాటు ఆ రెండో నష్టాన్ని కూడా తగ్గించాలనే.

మీ నాయనగారి విషయంలో ఇంకొక మాట ఉంది. చనిపోకపోయినా, దెబ్బ తిని కొన్ని రోజులో వారాలో పని మానేసి, తరువాత మేలుకునే కండరం కూడా గుండెలో ఉంటుంది. గుండెపోటు వచ్చిన కొద్ది రోజులకే తీసిన ఎకోలో కనిపించిన 35 శాతాన్ని చివరి మాటగా తీసుకోవద్దు. పంపింగ్ తగ్గినవారికి ఇప్పుడు మంచి మందులు ఉన్నాయి: బీటా బ్లాకర్లు, ఏసీఈ నిరోధకాలు లేదా వాటి కోవకు చెందినవి, స్పైరోనోలాక్టోన్ వర్గం, మొదట షుగర్ మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ వర్గం. వాటిని డాక్టరు చెప్పిన మోతాదుకు పెంచుకుంటూ, మానకుండా వాడించి, సుమారు మూడు నెలలకు మళ్లీ ఎకో తీయించండి. ఒంట్లో బాగుందని మధ్యలో మాత్రలు ఆపేసి, ఆయాసంతో తిరిగి వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. ఆ ఒక్క పొరపాటు జరగకుండా మీరు ఇంట్లో కాపలా ఉండాలి.

ప్రశ్న: చేతికి బీపీ పట్టీ కట్టి, గట్టిగా గాలి ఎక్కించి ఐదు నిమిషాలు ఉంచి, వదిలి, మళ్లీ ఎక్కించి, ఇలా నాలుగుసార్లు చేస్తే గుండెపోటు నుంచి రక్షణ కలుగుతుందని ఒక వీడియోలో చూశాను. మా ఇంట్లో బీపీ మిషన్ ఉంది. నా వయస్సు 66. రోజూ చేసుకోవచ్చునా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: చేసుకోవద్దు, మాస్టారూ. అయితే ఆ వీడియోలో చెప్పినది పూర్తిగా కల్పన కాదు. దాని వెనుక గుండె పరిశోధనలోనే అత్యంత ఆసక్తికరమైన ఘట్టాలలో ఒకటి ఉంది. అది తెలుసుకుంటే ఎందుకు వద్దంటున్నానో కూడా తెలుస్తుంది.

1986లో డ్యూక్ విశ్వవిద్యాలయంలోనే మరీ, జెన్నింగ్స్, రైమర్ ఒక ప్రయోగం చేశారు. కుక్క గుండెకు రక్తం తెచ్చే నాళాన్ని 5 నిమిషాలు మూసి, 5 నిమిషాలు తెరిచి, ఇలా నాలుగుసార్లు చేశారు. ఆ తరువాత అదే నాళాన్ని 40 నిమిషాలు మూశారు. ముందుగా కొంత దెబ్బ తిన్న గుండె ఇంకా ఎక్కువ దెబ్బతింటుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది అందుకు విరుద్ధం. ముందు ఏమీ చేయకుండా నేరుగా 40 నిమిషాలు మూసిన కుక్కలలో ఎంత కండరం చనిపోయిందో, ఈ కుక్కలలో అందులో నాలుగో వంతే చనిపోయింది. చిన్న చిన్న కొరతలను రుచి చూసిన గుండె, పెద్ద కొరతకు సిద్ధపడింది. గుండె కండరానికి తనను తాను కాపాడుకునే సామర్థ్యం ఒకటి లోపలే ఉందని, దానిని మేల్కొల్పవచ్చునని తొలిసారి స్పష్టంగా తెలిసింది అప్పుడే.

ఆ పత్రంలోనే మరొక ఫలితం ఉంది, దానిని వీడియోలు చెప్పవు. నాళాన్ని 40 నిమిషాలకు బదులు 3 గంటలు మూసినప్పుడు ఈ రక్షణ కనిపించలేదు. ముందస్తు సన్నాహం కండరం చావును వాయిదా వేసిందే తప్ప ఆపలేదు. నాళం తెరుచుకోకపోతే సిద్ధపడిన గుండె కూడా చివరికి పోతుంది. నా దృష్టిలో ఆ ప్రయోగం నేర్పిన రెండు విషయాలలో ఇదే ముఖ్యమైనది.

తరువాత 1993లో ప్రిజిక్లెంక్ బృందం, గుండెలో ఒక నాళాన్ని కొద్దికొద్దిసేపు మూసి తెరిస్తే, పక్క నాళం పోషించే కండరానికి కూడా రక్షణ అందుతుందని చూపింది. అక్కడి నుంచి, దూరంగా ఉన్న అవయవాన్ని ఇలా సిద్ధం చేసినా గుండెకు రక్షణ అందుతుందా అనే ఆలోచన సాగింది. 2002 నాటికి కాలికో చేతికో రక్తం ఆపి, వదిలి చూసే పద్ధతి వచ్చింది. పట్టీకి సాధారణంగా 200 మి.మీ. ఒత్తిడి ఎక్కించి, ఐదేసి నిమిషాల చొప్పున మూడు నాలుగు విడతలు చేస్తారు. చేతి నుంచి గుండెకు ఆ సందేశం కొంత రక్తం ద్వారా, కొంత నరాల ద్వారా చేరుతుందని ప్రయోగాలు సూచించాయి. చిన్న పరీక్షలలో ఫలితాలు ఆశాజనకంగా వచ్చాయి. ఖర్చు లేదు, మందు లేదు, ఏ పల్లెలోనైనా చేయవచ్చు. మన ప్రాంతం వంటి చోట్ల పనిచేసే వైద్యులకు ఇంతకంటే కావలసిందేముంటుంది? నేనూ ఎంతో ఆశపడ్డాను.

అందుకే పెద్ద పరీక్షలు పెట్టారు. బైపాస్ వంటి గుండె ఆపరేషన్లకు వెళ్లేవారి మీద చేసిన రెండు పెద్ద పరీక్షలు 2015లో వెలువడ్డాయి. రెండింటిలోనూ రోగులకు మేలు జరగలేదు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకుంటున్న 5,401 మంది మీద బ్రిటన్, డెన్మార్క్, స్పెయిన్, సెర్బియా దేశాలలో జరిపిన పరీక్ష 2019లో వెలువడింది. ఏడాదిలోపు గుండె జబ్బుతో చనిపోయినవారు లేదా గుండె బలహీనతతో ఆసుపత్రిలో చేరినవారు పట్టీ కట్టినవారిలో 9.4 శాతం, కట్టనివారిలో 8.6 శాతం. ఈ తేడా యాదృచ్ఛికమే కానీ, మేలు మాత్రం ఏమీ లేదని తేలిపోయింది.

ఇక మీ ఇంటి సంగతి. గుండెపోటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ముందస్తు సన్నాహం ఇచ్చే తొలి రక్షణ గంటా రెండు గంటలకు మించదు. ఒక రోజు తరువాత మళ్లీ కొంత బలహీనమైన రక్షణ వచ్చి, రెండు మూడు రోజులు ఉంటుంది. అది కూడా జంతువులలో చూసినది. రోజూ చేయి బిగించుకున్నందువల్ల మీ ఆయుష్షు పెరుగుతుందని చెప్పగల ఆధారం లేదు. డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా పెట్టించుకున్నవారు, రొమ్ము ఆపరేషన్ అయినవారు ఆ వైపు చేతికి ఇలా చేస్తే హాని జరగవచ్చు. నాకు ఎక్కువ భయం కలిగించేది మరొకటి: ఛాతీలో నొప్పి మొదలైనప్పుడు 108కి ఫోన్ చేయడానికి బదులు ఎవరైనా పట్టీ కట్టుకుని నలభై నిమిషాలు కూర్చోవడం. మీ బీపీ మిషన్‌ను బీపీ చూసుకోవడానికే ఉంచండి. బీపీని, కొలెస్ట్రాల్‌ను అదుపులో పెట్టుకోవడం, పొగ తాగే అలవాటు ఉంటే మానడం, ఇవి నిరూపితమైన రక్షణలు.

ప్రశ్న: నేను ఫార్మసీ చదువుతున్నాను. గుండె రక్షణ మీద ప్రయోగశాలలో పనిచేసిన మందులు రోగుల దగ్గరకు వచ్చేసరికి విఫలమవుతున్నాయని పాఠంలో చెప్పారు. ఇన్నేళ్ల పరిశోధన వృథా అయినట్టేనా? ఈ రంగంలోకి రావాలా వద్దా అనే సందేహంలో ఉన్నాను.
— విద్యార్థి, తిరుపతి

జవాబు: వృథా కాలేదు. అయితే మీ పాఠంలో చెప్పినది కూడా తప్పు కాదు, దానిని దాచిపెట్టి మిమ్మల్ని ఈ రంగంలోకి పిలవడం న్యాయం కాదు.

గుండెపోటులో ఎంత కండరం పోతుందనేది విధి నిర్ణయించినది కాదని, దానిని మనం మార్చగలమని బ్రాన్‌వాల్డ్, మరోకో బృందం 1971లో చూపినప్పటి నుంచి ఈ అన్వేషణ సాగుతోంది. మైటోకాండ్రియాలోని రంధ్రం తెరుచుకోకుండా ఆపే సైక్లోస్పోరిన్ అనే మందును ఉదాహరణగా తీసుకోండి. 2008లో ఫ్రాన్సులో 58 మంది మీద చేసిన చిన్న పరీక్షలో అది గుండెకు జరిగిన నష్టాన్ని తగ్గించింది. 2015లో సుమారు 970 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో ఏ ప్రయోజనమూ కనబడలేదు. నాళం తెరిచిన వెంటనే బెలూన్‌ను నిమిషం ఉబ్బించి, నిమిషం వదిలి, రక్తాన్ని విడతలు విడతలుగా పంపే పద్ధతిదీ అదే కథ: 2005లో 30 మందిలో ఆశ కలిగించింది, 2017లో డెన్మార్క్‌లో 1,234 మందిలో నిలబడలేదు.

ఎందుకిలా జరుగుతోంది? నాకు తోచిన కారణాలలో మొదటిది, మనం ప్రయోగాలు చేసేది వయస్సులో ఉన్న, ఏ జబ్బూ లేని ఎలుకల మీద, కుందేళ్ల మీద. తిరుపతిలోని పెద్ద ఆసుపత్రులైన స్విమ్స్‌కో రుయాకో గుండెపోటుతో వచ్చే మనిషి అరవై దాటినవాడు, షుగర్, బీపీ ఉన్నవాడు, నాలుగు రకాల మాత్రలు వేసుకుంటున్నవాడు. వయస్సు, షుగర్ గుండెలోని సహజ రక్షణ మార్గాలను మొద్దుబారుస్తాయని ప్రయోగాలే చెబుతున్నాయి. రెండవది, మత్తుమందులు, గడ్డ కట్టకుండా ఇచ్చే మందులు ఈ పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలవు. 2015 నాటి ఆపరేషన్ పరీక్షలలో ప్రొపోఫాల్ అనే మత్తుమందు చేతి పట్టీ ప్రభావాన్ని కప్పేసి ఉండవచ్చని చాలామంది అనుమానం. మూడవది సమయం. నాళం తెరుచుకున్న తొలి నిమిషాల్లోనే రెండో దెబ్బ తగులుతుంది కాబట్టి, మందు ఆ క్షణానికే కండరంలో ఉండాలి. పది నిమిషాలు ఆలస్యమైనా అది చేసేదేమీ ఉండకపోవచ్చు. నాలుగవదాన్ని నేను సంతోషంగా చెబుతాను: సమయానికి నాళం తెరిపించుకున్న రోగులు ఇప్పుడు చాలావరకు బాగుంటున్నారు. వారికి ఇంకా మేలు చేశామని చూపించడం మునుపటి కంటే కష్టమైంది.

చిన్న పరీక్షల మీద మా రంగం మోజు పడిందని కూడా ఒప్పుకోవాలి. ముప్పై మందిలో వచ్చిన మంచి ఫలితం అచ్చవుతుంది. ముప్పై మందిలో ఏమీ రాని ఫలితం సొరుగులో ఉండిపోతుంది. అమెరికాలో కొన్ని ప్రయోగశాలలు ఒకటై సీజర్ అనే కూటమిగా ఏర్పడి, ఒకే పద్ధతిలో, ఏ జంతువుకు ఏ చికిత్స ఇచ్చారో కొలిచేవారికి తెలియకుండా ప్రయోగాలు చేశాయి. 1986 నాటి ముందస్తు సన్నాహం ఆ కఠిన పరీక్షకు నిలబడింది, మరికొన్ని పేరున్న చికిత్సలు నిలబడలేదు. మీరు ఈ రంగంలోకి రండి, వచ్చినప్పుడు ముసలి జంతువులలో, షుగర్ ఉన్న జంతువులలో పరీక్షించండి, ఓడిన ప్రయోగాన్ని గెలిచిన ప్రయోగం అంత శ్రద్ధగా రాసి పంపండి. తిరుపతిలో వైద్య కళాశాలలు, పెద్ద ఆసుపత్రులు, ఫార్మసీ, పశువైద్య విద్య ఉన్న విశ్వవిద్యాలయాలు ఒకే ఊరిలో ఉన్నాయి. ఇలాంటి పనికి ఈ కూడిక చాలా అనుకూలమని నా నమ్మకం.

ప్రశ్న: మా ఆయనకు పొలం గట్టు ఎక్కినప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉండి, నిలబడితే తగ్గిపోతుంది. చిన్న చిన్న నొప్పులు వచ్చినవాళ్ల గుండె గట్టిపడుతుందని, వాళ్లకు పెద్ద పోటు వచ్చినా తట్టుకుంటారని బంధువు ఒకరు చెప్పారు. అందువల్ల ఆసుపత్రికి రానంటున్నారు.
— గృహిణి, చంద్రగిరి మండలం

జవాబు: అమ్మా, మీ బంధువు విన్నదాంట్లో ఒక అణువంత నిజం ఉంది. గుండెపోటుకు ముందు రోజు రెండు రోజుల్లో ఛాతీనొప్పి వచ్చి తగ్గినవారిలో, కండరం కొంత తక్కువగా దెబ్బతిన్నట్టు కొన్ని అధ్యయనాలలో కనిపించింది. అయితే అది గుండెపోటు వచ్చిన తరువాత లెక్క వేసి చూసిన సంగతి. ఇప్పుడు మీ ఆయనకు వస్తున్న నొప్పి నాళం సన్నబడిందని చెప్పే హెచ్చరిక. నడకలో ఛాతీ పట్టేయడం కొత్తగా మొదలైనా, మునుపటి కంటే తక్కువ శ్రమకే వస్తున్నా, కూర్చున్నప్పుడు కూడా వస్తున్నా ఒక్క రోజు కూడా ఆగకూడదు. కూర్చున్నప్పుడు వచ్చిన నొప్పి పది పదిహేను నిమిషాలలో తగ్గకపోతే దానిని గుండెపోటుగానే భావించి 108ను పిలవండి. ఎంత నచ్చజెప్పినా రానంటే, ఈ పేజీని ఆయన చేతికే ఇచ్చి చదివించండి.

ప్రశ్న: మా చిన్నాయనకు బైపాస్ ఆపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్ సమయంలో గుండెను ఆపేస్తారని విని ఇంటిల్లిపాదీ భయపడుతున్నాము. రక్తం ఆగితే కండరం చనిపోతుందని మీరే రాస్తుంటారు కదా?
— పాఠకుడు, పుత్తూరు

జవాబు: గుండె రక్షణ పరిశోధన సంపూర్ణంగా ఫలించిన చోటు ఇదే కాబట్టి నిబ్బరంగా ఉండండి. కొట్టుకుంటున్న గుండెకు రక్తం ఆపితే అది తన శక్తినంతా వేగంగా ఖర్చు చేసి దెబ్బతింటుంది. రక్తం ఆపే సమయంలోనే గుండె కొట్టుకోవడాన్ని కూడా ఆపి, చల్లబరిస్తే దాని అవసరం ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రావణంతో గుండెను ఆపవచ్చునని 1955లో బ్రిటన్‌లో మెల్‌రోజ్ చూపాడు. తొలి ద్రావణంలో పొటాషియం మోతాదు మరీ ఎక్కువై కండరానికి హాని జరగడంతో కొన్నేళ్లు దానిని పక్కన పెట్టారు. 1970వ దశకంలో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హర్స్, బ్రెయిమ్‌బ్రిడ్జ్ బృందం మోతాదులను సరిచేసి రూపొందించిన ద్రావణం లోకమంతా వ్యాపించింది. ఇప్పుడు దానినో, దాని తరువాత వచ్చిన ద్రావణాలనో, రక్తంతో కలిపినవాటినో కొద్దికొద్దిసేపటికి గుండెకు పంపుతారు. ఆ సమయంలో శరీరానికి రక్తం అందించే పని యంత్రం చూసుకుంటుంది. పని పూర్తయి నాళాల మీది బిగింపు తీయగానే పొటాషియం కొట్టుకుపోయి గుండె మళ్లీ కొట్టుకుంటుంది. కొన్ని బైపాస్‌లను గుండెను ఆపకుండా కూడా చేస్తారు; మీ చిన్నాయనగారికి ఏది సరిపోతుందో సర్జన్ నిర్ణయిస్తారు.

ప్రశ్న: మాది కుప్పం దగ్గర పల్లె. గుండెపోటు వస్తే తిరుపతికీ, వేలూరుకూ, బెంగళూరుకూ పోయేసరికి గంటలు గడిచిపోతాయి. మా వంటి వారికి మీరు చెప్పే రక్షణ ఎలా అందుతుంది?
— రైతు, కుప్పం మండలం

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న మీది. నిరూపితమైన గుండె రక్షణ ఏదని ఎవరైనా అడిగితే, నాళాన్ని త్వరగా తెరవడమే అని చెబుతాను. తిరుపతిలో ఉన్నవారికి ఆ పని బెలూన్‌తో, స్టెంట్‌తో గంటలోపే జరగవచ్చు. మీకు ప్రయాణానికే అంతకు మించిన సమయం పడుతుంది. అయితే గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు క్యాథ్ ల్యాబ్ (యాంజియో చేసి స్టెంట్ వేసే గది) అక్కరలేదు. ఈసీజీ మిషన్, దానిని చదివి చెప్పగల డాక్టరు, ఇంజెక్షన్, బీపీని గమనించే సిబ్బంది ఉంటే చాలు.

1988లో వెలువడిన ఐసిస్-2 అనే పరీక్షలో 17,187 మందిని చూశారు. గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ అందినవారిలో, ఏదీ అందనివారితో పోలిస్తే, మరణాలు సుమారు 42 శాతం తగ్గాయి. ఒంటరిగా ఆస్పిరిన్ మాత్రే మరణాలను సుమారు 23 శాతం తగ్గించింది. గడ్డ కరిగించడానికి ఇప్పుడు వాడే టెనెక్టెప్లేస్‌ను రోగి బరువును బట్టి ఒకే ఇంజెక్షన్‌గా కొద్ది క్షణాలలో ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన స్టెమీ (నాళం పూర్తిగా మూసుకుపోయి వచ్చే గుండెపోటు) కార్యక్రమం ఆలోచన ఇదే: ఏరియా, జిల్లా ఆసుపత్రులలో ఈసీజీ తీసి, పెద్ద ఆసుపత్రిలోని గుండె వైద్యునికి పంపి, ఆయన చెప్పగానే ఖరీదైన ఆ ఇంజెక్షన్‌ను అక్కడే ఉచితంగా ఇచ్చి, ఆ తరువాత రోగిని యాంజియోకు తరలించడం. ఇంజెక్షన్ ముందు, ప్రయాణం తరువాత. ఈ క్రమాన్ని మీ ఊరిలో అందరికీ చెప్పండి. కారు మాట్లాడుకుని, డబ్బు సర్దుకుని నేరుగా పెద్ద ఊరికి బయలుదేరేవారు దారిలో ఉన్న ఆసుపత్రిని దాటిపోతూ, దక్కవలసిన కండరాన్ని పోగొట్టుకుంటున్నారు.

ఆ ఇంజెక్షన్ అందరికీ పనికిరాదు. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం జరిగినవారికి, ఇటీవల పక్షవాతం వచ్చినవారికి, పెద్ద ఆపరేషన్ అయినవారికి, కడుపులో రక్తం పోతున్నవారికి ఇవ్వకూడదు. అటువంటివారిని వెంటనే స్టెంట్ వేయగల చోటికి పంపాలి. అందువల్ల పాత జబ్బుల చీటీలు, వాడుతున్న మాత్రల పేర్లు ఒక సంచిలో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. నొప్పి మొదలై మూడు గంటలలోపు ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. పన్నెండు గంటల వరకు ఇవ్వవచ్చు కానీ ఫలితం గంట గంటకూ తగ్గుతుంది.

ఆసుపత్రుల కంటే ఎక్కువ సమయాన్ని ఇంట్లోనే పోగొట్టుకుంటాము. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి, వాము నీళ్లు ఇచ్చి తెల్లవారేదాకా చూసేవారు ఎందరో. షుగర్ ఉన్నవారికి, ఆడవారికి, వృద్ధులకు నొప్పి లేకుండా చెమట, వాంతి, నీరసంగా మాత్రమే రావచ్చు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే 108 సిబ్బందినో డాక్టరునో ఫోన్‌లో అడిగి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్రను మాత్రం ఎవరో ఇచ్చారని పెట్టకండి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రోగిని నడిపించకండి, బండి మీద కూర్చోబెట్టి తీసుకుపోకండి.

ప్రశ్న: స్టెంట్ వేయించుకుని రెండు నెలలైంది. అలిపిరి మెట్ల మీదుగా కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. వెళ్లవచ్చునా?
— భక్తురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఇప్పుడే వద్దు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి, అందులోనూ గాలిగోపురం వరకు ఎక్కుడు దాదాపు ఎడతెగకుండా ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవారు నడకదారిన రావద్దని దేవస్థానం వారే సూచిస్తున్నారు. మీ పంపింగ్ ఎంత ఉందో, ఇతర నాళాల పరిస్థితి ఏమిటో మీ డాక్టరుకు తెలుసు. ఆయన అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి చెబుతారు. ఈలోపు సమతలం మీద రోజూ నడుస్తూ శక్తి పెంచుకోండి, స్టెంట్ వేసినప్పుడు రాసిచ్చిన రెండు రక్తం పలుచబరిచే మాత్రలను మొక్కు కోసం, ఉపవాసం కోసం ఒక్క పూట కూడా మానకండి. దర్శనానికి బస్సులో వెళ్లండి.